గాలానికి లెక్క పెట్టాను, ఆయన గాలమే మానేశారు: జీబీఎస్ తర్వాత కోలుకున్న ఒక పేషెంట్ కేస్ స్టడీ

ఈ కేసులో మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. రాస్తానని ఆయనకీ ఆయన భార్యకీ ముందే చెప్పాను, వాళ్లు సరేనన్నారు. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, గోదావరి జిల్లాల్లో పద్నాలుగేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. పక్షవాతం, నరాల జబ్బుల నుంచి కోలుకునేవాళ్లే ఎక్కువగా వస్తారు నా దగ్గరికి. నా పద్ధతి మార్చుకునేలా చేసిన కేసు ఇది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకి పనికొస్తుంది, ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

నేపథ్యం

ఆయన వయసు యాభై ఆరు. నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. కూర్చుని చేసే ఉద్యోగం, కానీ ఆదివారం వస్తే కాలవ గట్టు మీదే ఉండేవారు. చిన్నప్పటి నుంచి గాలం వేయడం అలవాటు. ఏడాదికోసారి చలికాలంలో స్నేహితులతో ఏజెన్సీకి వెళ్లి, టెంటు వేసుకుని ఒక రాత్రి పడుకుని రావడం ఇంకో సరదా. అంతకుమించి పెద్ద కోరికలున్న మనిషి కాదు.

ఒక జూలైలో నాలుగు రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గిపోయాయి కదా అని అందరూ మర్చిపోయారు. పది రోజులకి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి, మర్నాడు మెట్లు ఎక్కలేకపోయారు, ఆ మర్నాడు మంచం మీంచి లేవలేకపోయారు, ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజుకి ఊపిరి అందక వెంటిలేటర్ మీద పెట్టారు. గిలియన్ బారే సిండ్రోమ్, అదే జీబీఎస్. ఒంట్లో రక్షణ వ్యవస్థ ఏదో ఇన్ఫెక్షన్ మీద పోరాడటానికి లేచి, దారితప్పి మన నరాల మీదే పడుతుంది. 2025 జనవరిలో పుణెలో కేసులు ఎక్కువగా బయటపడ్డాక ఈ పేరు ఇక్కడ కూడా చాలామంది నోట వినపడింది గానీ, బాబాయ్ గారికి వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ ఆ పేరే వినలేదు. రోజుకి ఒంటి బరువు కిలోకి 0.4 గ్రాముల లెక్కన ఐదు రోజులు ఐవీఐజీ ఇచ్చారు, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు నరంలోకి ఎక్కించడం. పదిహేడు రోజులు వెంటిలేటర్, గొంతు దగ్గర గొట్టం. సెప్టెంబర్ ఆఖరికి ఇంటికొచ్చారు.

నా దగ్గరికి వచ్చినప్పుడు

అక్టోబర్‌లో వాకర్ పట్టుకుని వచ్చారు. రెండు పాదాలూ ముందుకి వేలాడిపోతున్నాయి, అడుగు తీసినప్పుడల్లా బొటనవేలు నేలకి రాసుకుంటోంది. చీలమండ పైకెత్తే కండరం బలం ఐదుకి రెండు. చేతుల్లో పట్టు తక్కువ, చొక్కా బొత్తాలు భార్యే పెడుతోంది. అరికాళ్లలో, వేళ్ల చివర్లలో స్పర్శ సరిగా లేదు. నిలబెట్టి కళ్లు మూసుకోమంటే రెండు సెకన్లకే ఊగిపోయారు.

ఇవన్నీ నేను అనుకున్నవే. నరం మళ్లీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు, నడుం దగ్గర నుంచి పాదం దాకా రావాలంటే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, తొందరపడి లాభం లేదు. నాకు బెంగ కలిగించింది వేరే. "ఏం చేయగలిగితే బావుంటుందనుకుంటున్నారు బాబాయ్ గారూ?" అని అడిగితే, "ఏముందమ్మా, మీరు చెప్పింది చేస్తాను" అన్నారు. భార్య పక్కనుంచి అంది: "రోజంతా టీవీ ముందే కూర్చుంటారమ్మా. కానీ ఏం వస్తోందో చూడరు. చానల్ కూడా మార్చరు." డిప్రెషన్ అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగితే 27కి 15 వచ్చింది, అంకె ఎంత ఎక్కువైతే డిప్రెషన్ అంత ఎక్కువ. న్యూరాలజిస్ట్‌కి రాసి పంపాను, ఆయన మందులు సర్దారు.

ఇంకో సమస్య అలసట. జీబీఎస్ నుంచి లేచినవాళ్లలో చాలామందికి బలం వచ్చాక కూడా అలసట నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతుంది. పైకి కనపడదు కాబట్టి ఇంట్లోవాళ్లకి అది బద్ధకంలా అనిపిస్తుంది. దానికి తోడు అతిగా వ్యాయామం చేయిస్తే ఇంకా కోలుకోని కండరం మరింత నీరసపడొచ్చు. అందుకే నేను పెట్టుకునే గుర్తు ఒక్కటే, ఈరోజు చేసిన పని తాలూకు అలసట రేపు పొద్దున్నకి పోకపోతే ఈరోజు ఎక్కువ చేసినట్టు.

మొదట చేసినవి

మామూలుగా అందరికీ చేయించేవే. పాదాలు వేలాడకుండా చీలమండని పట్టి ఉంచే ఏఎఫ్‌ఓ పట్టీలు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పట్టుకుని నిలబడటం, చేతులకి మెత్తటి పుట్టీ ముద్ద పిసకడం, చిల్లుల్లో పుల్లలు గుచ్చడం. మొదటి నెల బానే చేశారు. రెండో నెలకి పుట్టీ ముద్ద డబ్బాలోనే ఎండిపోయింది.

నవంబర్‌లో ఇంట్లోవాళ్లు తమ ప్రయత్నం తాము చేశారు. కార్తీక మాసం కదా, బంధువులంతా కలిసి ఓ తోటలో వనభోజనాలు పెట్టుకున్నారు, బయటి గాలి తగిలితే మనసు తేలికపడుతుందని ఆయన్నీ తీసుకెళ్లారు. పాతికమంది. ఉసిరి చెట్టు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టారు, విస్తరి చేతికిచ్చారు, నీళ్లు చేతికిచ్చారు, వచ్చినవాళ్లంతా వంతులవారీగా వచ్చి "ఎలా ఉన్నావు, ఇంకా నడక రాలేదా" అని అడిగి వెళ్లారు. ఐదు గంటలు. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. ఆయన నాకు చెప్పింది ఒకటే మాట, "చూడ్డానికి వచ్చినట్టుగా ఉందమ్మా." శవాన్ని చూడ్డానికి అన్న మాట మింగేశారని నాకు అర్థమైంది.

అప్పుడు నేను అది జనం ఎక్కువై, సేపు ఎక్కువై వచ్చిన అలసట అనుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం నాకు అర్థం కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

నేను చేసిన తప్పు

సంక్రాంతికి కొంచెం ముందు ఆయన గాలం సంగతి భార్య చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గాలం ముడి వేయడమంటే వేళ్ల చివర్లకి అంతకన్నా మంచి వ్యాయామం ఎక్కడుంది? గోధుమపిండి ముద్ద చిదిమి ఎర గుండ్రంగా చేయడం, కర్ర పట్టుకోవడం, విసరడం, అన్నీ కండరాల పనులే. ఆ పుట్టీ ముద్ద బదులు ఇదే చేయిద్దామని నోటు పుస్తకంలో గడులు గీసి ఇచ్చాను. రోజుకి పది ముడులు, ఇరవై పిండి ఉండలు, పెరట్లో నిలబడి ఇరవై సార్లు కర్ర విసరడం. ఎన్ని చేశారో గడిలో రాయాలి. వారానికి రెండేసి పెంచుతాం.

ఆలోచన తప్పని అప్పుడు తట్టలేదు. ఇష్టమైన పనిలో వ్యాయామం కలిపేస్తే మానకుండా చేస్తారన్నది మా అందరి నమ్మకం. ఆయనా బుద్ధిగా ఐదు రోజులు రాశారు. 10, 20, 20. 10, 20, 20. ఆరో రోజు నుంచి ఖాళీ. అదే వారంలో ఒకరోజు, పెరట్లో విసరడం ఏంటని విసుగొచ్చి, కొడుకుని తోడు తీసుకుని కాలవ దగ్గరికి వెళ్లి మూడు గంటలు నిలబడ్డారు. తడి మట్టిలో పట్టీ ఒరుసుకుని మడమ దగ్గర పుండు పడింది, స్పర్శ లేదు కాబట్టి ఇంటికొచ్చి సాక్స్ విప్పేదాకా ఆయనకి తెలీదు. తర్వాత నాలుగు రోజులు వాకర్ పట్టుకోవడానికి కూడా ఓపిక లేదు. గాలం కర్ర అటక మీదకి వెళ్లిపోయింది.

ఆ నోటు పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి ఆయన అన్న మాటలు అలాగే రాస్తున్నాను: "అమ్మా, నేను గాలం వేసేది చేపల కోసం కూడా కాదు. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరని."

నేను లెక్క అడిగాను. తోటలో బంధువులు నడక వచ్చిందా అని అడిగినట్టే, నేను ఎన్ని ముడులు వేశారని అడిగాను. జబ్బు చేసిన దగ్గర నుంచి ఆయన ఒంటిని అందరూ కొలుస్తూనే ఉన్నారు, కొలత లేని చోటు ఒక్కటి మిగిలితే దానికీ నేను స్కేలు పట్టుకెళ్లాను. పైగా పెంచుకుంటూ పొమ్మనడం వల్లే ఆయన అతిగా చేశారు.

మార్చింది

రెండు నిర్ణయాలు తీసుకున్నాను. వ్యాయామం వేరు, సరదా వేరు. వ్యాయామం క్లినిక్‌లో, వారానికి మూడు రోజులు, లెక్కలతో. గాలం గురించి ఇక నేను అడగను, ఆయన చెబితే వింటాను. వేళ్ల బలం కొలవాలంటే నా దగ్గర వేరే పరీక్షలున్నాయి.

రెండోది, చుట్టూ ఉన్న ఏర్పాట్లు మార్చి ఆ పనికి ఖర్చయ్యే ఓపిక తగ్గించడం. ఒంటిని పనికి తగ్గట్టు పెంచడానికి నెలలు కావాలి, పనిని ఒంటికి తగ్గట్టు మార్చడానికి ఒక పూట చాలు. నిలబడి కాదు, చేతులున్న కుర్చీలో కూర్చుని గాలం వేయడం, కుర్చీ ఎత్తు మోకాలికి కొంచెం పైకి ఉండేలా. విసరక్కర్లేని పొట్టి వెదురు కర్ర. గంట దాటకుండా. జల్ల పడితే గాలం తప్పించేది కొడుకే, దాని ముల్లు గుచ్చుకుంటే స్పర్శ లేని చేతికి ఎంత లోతుగా దిగిందో తెలీదు. లైఫ్ జాకెట్ తప్పనిసరి, కాలు జారితే ఆ కాళ్లతో ఈదలేరు. దీనికి ఆయన మొహమాటపడ్డారు, నేను ఒప్పుకోలేదు.

అలసట గురించి భార్యకి ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు. ఆయనే చెప్పారు. "కాలవలో వంతు నీళ్లు అనుకో. కాలవ మొదట్లో వాళ్లు ఇవాళే అంతా వాడేసుకుంటే శివారు చేలకి రేపు చుక్క రాదు." కాలవ కింద పెరిగిన మనిషికి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి ఆమె "ఇవాళ వంతు అయిపోయిందా" అని అడిగేది, లేవండి అనడం మానేసింది. ఇప్పుడు నేను ప్రతి అలసట కేసుకీ ఈ మాటే వాడుతున్నాను.

అటక మీది కర్రని నేను దింపమనలేదు. గాలం దారానికి నీళ్ల మీద తేలేలా కట్టే జీలుగు బెండు ముక్కలు ఆయనే తెప్పించుకున్నారు. బ్లేడు వద్దన్నాను, ఉప్పుకాగితంతో అరగదీయడం మొదలుపెట్టారు. ఒకరోజు క్లినిక్‌లో వంతు కోసం కూర్చుని జేబులోంచి నైలాన్ దారం, గాలం తీశారు. కొక్కెం చెవిలోంచి దారం దూర్చడానికి మూడుసార్లు తప్పింది. నాలుగోసారి దూరింది. దారాన్ని దాని మీదే ఐదు చుట్లు తిప్పి, కొనని మొదటి వంకీలోంచి లాగి, ఉమ్మి తడి చేసి బిగించారు. ముడి గట్టిపడిందో లేదో వేలితో తడిమి చూస్తారు కదా ఎవరైనా, ఆయన వేలికి అది తెలీదు. ముడిని కింది పెదవి మీద పెట్టి మెల్లగా రాశారు, కళ్లు మూసుకుని. తర్వాత తలూపి జేబులో పెట్టుకున్నారు. నా పద్నాలుగేళ్లలో ఏ పుస్తకంలోనూ చదవని చిట్కా అది, ఆయనకి ఎవరూ నేర్పలేదు. నేను గడులు గీసి ఇచ్చిన వారంలో ఇలాంటిది ఒక్కటీ రాలేదు.

డాబా మీద మొదటి రాత్రి

మార్చిలో మళ్లీ ఏజెన్సీకి వెళ్లాలని ఉందని ఆయనే అన్నారు. వెంటనే వద్దన్నాను, ఎందుకంటే చీకటి. అరికాళ్లలో స్పర్శ లేనివాళ్లు కళ్లతోనే నిలబడతారు. పాదం ఎక్కడుందో కండరం చెప్పదు, కన్ను చెబుతుంది. లైటు ఆరితే ఆ దారి మూసుకుపోతుంది. వాష్‌బేసిన్ దగ్గర మొహం కడుక్కుంటూ కళ్లు మూయగానే ఒకసారి ముందుకి తూలిన మనిషి ఈయన. అడవిలో అర్ధరాత్రి లేచి బయటికెళ్లాలంటే ఏమవుతుంది?

అందుకని ముందు డాబా మీద పడుకుందామన్నాను. మన ఇళ్లల్లో ఎండాకాలం ఆరుబయట పడుకోవడం ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడు ఏసీలొచ్చి మర్చిపోయాం. పదిహేడు మెట్లు, సాయంత్రం ఒకసారి ఎక్కడం, పొద్దున ఒకసారి దిగడం, అంతే. నవారు మంచం, దోమతెర, పక్కన కొడుకు, మెడలో వేలాడే టార్చి. మొదటి రాత్రి దోమతెర అంచు పట్టీకి తట్టుకుని పడబోయారు, మంచం కోడు పట్టుకుని ఆగారు. మర్నాటి నుంచి తెర అంచు పరుపు కిందకి దోపడం, లేచేముందు టార్చి వెలిగించి పాదాలు చూసుకుని, పది అంకెలు లెక్కపెట్టి లేవడం అలవాటు చేసుకున్నారు. పదకొండు రాత్రులు పడుకున్నారు ఆ వేసవిలో. మధ్యలో ఏప్రిల్‌లో కాలవలు కట్టేశారు, మేలో ఎండకి అలసట పెరిగింది, ఆ రెండు నెలలు గాలం లేదు. నేను కంగారుపడలేదు, ఆయనా పడలేదు. బెండ్లు అరగదీస్తూ కూర్చున్నారు.

మారేడుమిల్లి

డిసెంబర్ నాటికి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. ఆరు నిమిషాల నడకలో మొదట 130 మీటర్లు నడిచిన మనిషి 320 నడుస్తున్నారు. పీహెచ్‌క్యూ 6. న్యూరాలజిస్ట్ సరేనన్నారు. రాజమండ్రి నుంచి ఎనభై పైచిలుకు కిలోమీటర్లు, దారిలో రంపచోడవరంలో ఆసుపత్రి ఉంది, టెంటు పక్కనే గదులున్న చోటు చూసుకున్నారు, వల్లకాకపోతే లోపలికి వెళ్లిపోవచ్చని.

ఒప్పుకోనిది ఆయన భార్య. భయం ఒక్కటే, బయటి తిండి. మొత్తం కథ విరేచనాలతోనే మొదలైంది కదా, పైగా అక్కడికెళ్తే బొంగులో చికెన్ తినకుండా ఎవరూ రారు. ఆమె భయాన్ని కొట్టిపారేయలేదు, ఎందుకంటే అందులో నిజముంది. జీబీఎస్‌కి ముందు వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువగా కనిపించేది క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా, అది ఎక్కువగా సరిగా ఉడకని కోడిమాంసం నుంచి వస్తుంది. కానీ ఒకసారి జీబీఎస్ వచ్చినవాళ్లకి మళ్లీ రావడం అరుదు, బాగా ఉడికితే ఆ క్రిమి చస్తుంది. అందుకని వద్దు అనకుండా ఎలా తినాలో చెప్పాను. బొంగు పగలగొట్టగానే మాంసం లోపలిదాకా ఉడికిందో లేదో చూసుకోవాలి, ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మళ్లీ నిప్పుల మీదకే, వేడిగానే తినాలి, పక్కన తరిగి పెట్టిన ఉల్లిపాయ, నిమ్మకాయ వద్దు, అవి ఏ కత్తితో కోశారో మనకి తెలీదు. నీళ్లు ఇంటి నుంచే. ఆమె ఇవన్నీ కాగితం మీద రాసుకుంది. చేయడానికి ఏదో ఒకటి దొరికాక భయం సగం తగ్గింది.

ఇంకో జాగ్రత్త చలిమంట. చలికి అందరూ పాదాలు మంటకి చాపుతారు. స్పర్శ లేని పాదం కాలుతున్నా తెలీదు, వాసన వచ్చేసరికి ఆలస్యమవుతుంది. మంటకి రెండు గజాల అవతల కుర్చీ, కాళ్లకి ఉన్ని సాక్స్, దుప్పటి, రాత్రి పడుకునేముందు భార్య టార్చి వేసి అరికాళ్లు చూడటం. దోమలకి తెర, పూర్తి చేతుల చొక్కా, ఏజెన్సీలో మలేరియా ఉంటుంది కాబట్టి.

వనభోజనాల నుంచి నేర్చుకున్న మిగతా సగం ఇక్కడ వాడాను: అక్కడ అందరూ ఆయన్ని అడిగేవాళ్లే, ఆయనకంటూ ఒక పని లేదు. వెళ్లింది ఏడుగురే, అందరూ దగ్గరివాళ్లు. బయల్దేరేముందు ఆయన్ని ఒక్కటే అడిగాను, "అక్కడ మీ పని ఏంటి?" కాసేపు ఆలోచించి "పొద్దున్న టీ" అన్నారు. టీ ఆయనదే, ఇంకెవరూ ముట్టుకోకూడదని మిగతా ఆరుగురికీ ఫోన్ చేసి చెప్పాను. గ్యాస్ స్టవ్ బల్ల మీద, ఆయన కుర్చీలో, మరిగే గిన్నె పట్టుకుని నడవడం లేదు, స్టీలు గ్లాసులు కాదు, పిడి ఉన్న కప్పులు. తర్వాత కొడుకు చెప్పాడు, ఐదున్నరకే లేచి ఏడుగురికీ టీ పెట్టారని, అల్లం దంచడానికే పావుగంట పట్టిందని, అందరూ దుప్పట్లు కప్పుకుని ఆ పావుగంటా నోరెత్తకుండా కూర్చున్నారని. తర్వాత పది గంటల దాకా ఆయన మళ్లీ పడుకున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు అలసట ఉంది, రెండో రోజుకి పోయింది. నా గుర్తు ప్రకారం కొంచెం ఎక్కువే చేశారు. ఈసారి రెండు రాత్రులు ఉండి, మొదటి రోజు ఏమీ పెట్టుకోకుండా చూస్తే తగ్గుతుందనుకుంటున్నాను, ప్రయాణమే ఎక్కువ ఓపిక తినేసింది.

ఇప్పుడు ఏం వేరేగా చేస్తున్నాను

మొదటి రోజే ఇష్టాలు అడుగుతాను, కానీ నోటు పుస్తకంలోకి ఎక్కించను. ఒక పని ఎందుకు ఇష్టమో అడిగి, ఆ కారణం చెడకుండా పని మారుస్తాను. బాబాయ్ గారికి అది ఒంటరిగా ఉండటం, ఇంకొకరికి నలుగురితో కబుర్లు కావచ్చు, అప్పుడు కాలవ గట్టు మీద ఒంటరి కుర్చీ శిక్షే అవుతుంది. బయటికి తీసుకెళ్తామని ఇంట్లోవాళ్లు అంటే ఎక్కడికి అని తర్వాత అడుగుతాను, అక్కడ ఈ మనిషికి పని ఏంటని ముందు అడుగుతాను. ఈ పద్ధతి అందరికీ పనిచేస్తుందని ఒక్క కేసు చూసి చెప్పను. ఈయన నరాలు ఎలాగూ తిరిగి పెరుగుతున్నాయి, ఆ కాలంలో ఏం చేసినా కొంత మెరుగయ్యేవారే. కానీ పుట్టీ ముద్ద ఎండిపోయింది, బెండ్లు మాత్రం డబ్బా నిండాయి.

కుడి కాలి పట్టీ తీసేశాం, ఎడమ దానికి ఇంకా ఉంది. బొత్తాలు ఆయనే పెట్టుకుంటున్నారు, మెడ దగ్గరది తప్ప. పోయినసారి వచ్చినప్పుడు కాలవకి ఒక్కడినే వెళ్తానన్నారు, తోడు ఎవరైనా ఉంటే అది అది కాదు అన్నారు. ఆయన ఎందుకు అడుగుతున్నారో నాకు పూర్తిగా తెలుసు. కానీ కళ్లు మూసుకుని ఆరు సెకన్లే నిలబడగలుగుతున్నారు, పది దాటితే మాట్లాడదామన్నాను. అప్పటిదాకా కొడుకు వంద గజాల అవతల, చింతచెట్టు కింద, ఆయనకి వీపు పెట్టి కూర్చునేలా, లైఫ్ జాకెట్‌కి విజిల్ కట్టేలా ముగ్గురం ఒప్పుకున్నాం.